బాణంలో అతుకు ఐబ్ కాదు



ఈ మధ్య మన ఇళ్లలో తీరందాజీ షౌక్ పెరిగింది. కొందరికి టర్కీ సీరియళ్లు చూసి మొదలైంది. కొందరికి జుమా బయాన్‌లో విన్నాక మొదలైంది. కొందరికి మన విజయవాడ పిల్లలు పతకాలు తేవడం చూసి మొదలైంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచిన తర్వాత, ఆడపిల్లకి విల్లెందుకు అని అడిగే నోళ్లు కూడా కొంచెం తగ్గాయి. ఎలా మొదలైనా మంచిదే, అల్‌హమ్దులిల్లాహ్.

అయితే సురేఖది కాంపౌండ్ విల్లు, కార్బన్ బాణాల లోకం. నేను రాసేది దాని గురించి కాదు. గొట్టాలూ గేర్లూ లేని పాత తరహా కమాన్, దాని మీద వేసే కట్టె తీర్, దాని గురించే. ఆదివారం అసర్ నమాజ్ తర్వాత మా ఇంటి పిల్లలతో, మొహల్లా పిల్లలతో కలిసి నేను వేసేది అదే. అక్కడికి వచ్చే తల్లిదండ్రులు బాణం చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, దాదాపు అందరూ ఒకటే సవాల్ అడుగుతారు: "భాయ్, ఇది అసలీ కట్టేనా, అతికించిందా?"

అతికించిందే అని చెప్తాను. వెంటనే మొహంలో రంగు మారుతుంది. "అయితే నఖ్లీ అన్నమాట" అంటారు.

కాదు. పిల్లలు వేసే బాణాలకి, ఇంటిల్లిపాదీ ఒకే కట్టలోంచి తీసుకుని వేసే బాణాలకి, పొరలు అతికించిన ల్యామినేటెడ్ కర్రే మేలని నా అభిప్రాయం. ఇది ఫ్యాషన్ మాట కాదు. పిల్లాడి చెయ్యి మాట. ఎందుకో చెప్తాను. అతుకు మీద నాకున్న షరతులు కూడా చెప్తాను.

ముందు ఈ షక్ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. నా అంచనా, ఫర్నిచర్ దుకాణం నుంచి వచ్చింది. బిడ్డ షాదీకి మంచం, అల్మారా కొంటాం. టేకు అని చెప్పి పైన పల్చటి టేకు పొర, లోపల ఏదో చెక్క పెట్టి అంటగడతారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు ఉబ్బుతాయి. అప్పటినుంచి మన బుర్రలో ఒక ఖాయిదా రాసుకున్నాం: ఒంటి కర్ర అంటే అసలీ, అతికించింది అంటే ధోకా. మంచం విషయంలో అది నిజం కావచ్చు. అక్కడ అతుకు లోపలి చెత్తని దాచడానికి వేసింది. బాణం కర్రలో అతుకు దేన్నీ దాచదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా గీతలు బయటికే కనిపిస్తాయి. మంచంలో అతుకు మోసం కోసం, బాణంలో అతుకు మజ్బూతీ కోసం. రెండింటినీ ఒక కాటాలో తూచకూడదు.

ఇక "రివాయతీ తీరందాజీలో అతుకులు ఉండవు" అనే మాట. ఇది ఇంకా విచిత్రం. టర్కీ కమాన్ చూసి ముచ్చటపడి ఈ మాట అంటారు. ఆ కమాన్‌ని మించిన అతుకుల సామాను ఇంకోటి ఉందా? మధ్యలో మేపుల్ కట్టె, పొట్టవైపు గేదె కొమ్ము, వీపువైపు పశువుల నరాల నార, అన్నిటినీ కలిపి పట్టే జిగురు. ఆ జిగురు పూర్తిగా ఆరి విల్లు పనికి రావడానికి నెలలు కాదు, ఏడాదీ అంతకు మించీ పట్టేది. మొఘల్ కాలపు బాణాలు చూడండి. చాలావాటికి ఒళ్లు రెల్లు గొట్టం, ముందు పైకాన్ దగ్గరా వెనక సూఫార్ దగ్గరా గట్టి కట్టె ముక్క అతికించి ఉంటుంది. రెల్లు తేలిక, కట్టె గట్టి. రెండింటినీ కలిపితేనే బాణం. ఇంగ్లండులో కూడా మెత్తని కర్ర ముందు భాగానికి గట్టి కర్ర అతికించే పద్ధతి పాతదే. ఎక్కడ ఏ గుణం కావాలో అక్కడ ఆ పదార్థం పెట్టి కలపడం తీరందాజీకి కొత్త కాదు. అది దాని పుట్టుకలోనే ఉంది.

ఇస్తాంబుల్‌లో ఓక్‌మైదాన్ అనే చోటు ఉంది. పేరుకి అర్థమే బాణాల మైదానం. సుల్తాన్ మెహ్మద్ ఫాతిహ్ కాలం నుంచి తీరందాజుల అడ్డా అది. ఎంత దూరం వేశారో గుర్తుగా నాటిన మంజిల్ రాళ్లు కొన్ని ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి. అక్కడ షాగిర్ద్‌కి ఉస్తాద్ విల్లు పిడి చేతికిచ్చి ఇజాజత్ ఇవ్వడాన్ని "కబ్జా" అంటారు. మన దగ్గర కబ్జా అంటే వక్ఫ్ భూమి పోవడం. వాళ్ల దగ్గర కబ్జా అంటే పిడి పట్టుకునే అర్హత రావడం. లఫ్జ్ ఒకటే. పిడి పట్టుకున్నవాడికి హక్కుతో పాటు జిమ్మేదారీ కూడా వస్తుందని వాళ్లు గుర్తు పెట్టుకున్నారు. 2019లో యునెస్కో టర్కీ రివాయతీ తీరందాజీని మానవ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ హునర్‌లో సగం వేసేవాడిది, సగం చేసేవాడిది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బాణం వదిలిన క్షణంలో ఏం జరుగుతుంది?

చూసేవాళ్లకి బాణం సూటిగా పోయినట్టు ఉంటుంది. నిజానికి అది పాములా వంగుతూ పోతుంది. చిల్లా వెనకనుంచి ఒక్కసారిగా తోస్తుంది. ముందున్న పైకాన్ బరువు వెంటనే కదలనంటుంది. మధ్యలో ఉన్న కర్ర నలిగి పక్కకి వంగుతుంది. అలా వంగి, విల్లు పిడిని చుట్టుకున్నట్టు దాటి, అటూ ఇటూ ఊగుతూ కొంత దూరం పోయాక తిన్నబడుతుంది. కట్టె బాణానికి ప్రతి వేటూ ఒక ఇమ్తెహాన్. వెయ్యి సార్లు వేస్తే వెయ్యి సార్లు వంగాలి.

ఆ వంపుని తట్టుకునేది కట్టెలోని రేషా, అంటే నార. నార గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్రతో పాటు పరిగెత్తితే కర్ర వంగుతుంది, మళ్లీ లేస్తుంది. గీతలు ఏటవాలుగా మధ్యలోనే పక్కకి జారి బయటికి వచ్చేస్తే, ఆ చోట కర్రని పట్టి ఉంచేది ఏమీ లేదు. ఎప్పుడో ఒకరోజు అక్కడే చీలుతుంది. అడ్డంగా విరగదు, కలం చెక్కినట్టు ఏటవాలుగా చీలుతుంది. వెనక ముక్క సూదిలా ఉంటుంది. చిల్లా ఇంకా దాన్ని ముందుకు తోస్తూనే ఉంటుంది. ఆ సూదికి ఎదురుగా ఉండేది విల్లు పట్టుకున్న ఎడమ చెయ్యి.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇదే జరిగింది. పిల్లాడికి పన్నెండేళ్లు. ఎక్కడో హార్డ్‌వేర్ దుకాణంలో గుండ్రటి కర్రలు తెచ్చి, కొస చెక్కి, ఈకలు అంటించి బాణాలు చేశారు. నున్నగా, చక్కగా, పెయింటు కూడా వేశారు. కొన్ని రోజులు బాగానే వేశాడు. ఒకరోజు వదిలిన బాణం అక్కడే చీలి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దిగింది. డాక్టర్ చిన్న చిన్న పేళ్లు ఒక్కొక్కటీ ఏరి తీశారు. చెయ్యి బాగైంది. కానీ దాదా విల్లుని అటక మీద పడేసి, ఇంక ఈ ఇంట్లో తీరందాజీ మాటెత్తితే ఊరుకోనన్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ తీర్పు తప్పు. కసూర్ విల్లుది కాదు, పిల్లాడిది కాదు. ఆ కర్రది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే గుండ్రటి కర్రని బాణం కోసం కోయరు. పెద్ద చెక్కలోంచి మిషన్ ఎటు పోతే అటు కోస్తారు. నార ఎటు పోతోందో ఎవరూ చూడరు. కుర్చీ కాళ్ల మధ్య పెట్టే కర్రకి అది చాలు. బాణానికి చాలదు.

బాణానికి కట్టె కోసేవాళ్ల పద్ధతి వేరు. అమెరికాలో ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియా సముద్రతీరంలో పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ అనే చెట్టు ఉంది. తేలిక, తిన్నటి నార, మంచి ఖుష్బూ. కట్టె బాణాలు వేసేవాళ్లకి అదంటే ఇష్క్. కానీ ఆ చెట్టు పెరిగేదే చిన్న ఇలాకాలో. పైగా 1950ల నుంచి అక్కడి అడవుల్లో వేళ్లని కుళ్లబెట్టే తెగులు పాకింది. తిన్నటి నార ఉన్న పాత చెట్లు కావాలంటే ఎన్నని దొరుకుతాయి? అందుకే స్ప్రూస్, పైన్, బర్చ్ లాంటి కట్టెలు వాడతారు. మంచి ఒంటి కర్ర దొరకడం రోజురోజుకీ ముష్కిల్ అవుతోంది.

ల్యామినేటెడ్ కర్ర పని ఇక్కడే మొదలవుతుంది. పల్చటి చెక్క పట్టీలని పొడుగునా ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, బిగించి, ఆరాక సన్నగా చీల్చి గుండ్రంగా తిప్పుతారు. ఒక పట్టీలో నార కొంచెం పక్కకి జారినా, ఆ చీలిక పక్క పట్టీ దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే పక్క పట్టీ నార దారి వేరు. ఒక పట్టీలో చిన్న కణుపు ఉన్నా మిగతావి మోస్తాయి. ఒక్క పుల్ల విరుస్తాం, కట్టెల మోపు విరవలేం అని మన పెద్దలు చెప్పే కథ లేదూ, అదే ఇది. ఇంకో ఫాయిదా, వంకర తిరగడం తక్కువ. ఒంటి కర్రకి తేమ తగిలితే నార ఎటు ఉంటే అటు వంగుతుంది. పొరలుంటే ఒకదాని లాగుడుని ఇంకోటి ఆపుతుంది. మచిలీపట్నం, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల వానాకాలంలో తలుపులే మూసుకోవు. ఒంటి కర్ర బాణాలు అక్కడ తిన్నగా ఉండాలంటే రోజూ చూసుకోవాలి.

ఇక ఎలా ఏరుకోవాలి? ఈ చోట ఓపిక కావాలి. నేను చూసేవి నాలుగు.

మొదటిది, చివర. కర్ర చివర వెలుగులోకి పెట్టి చూడండి. పొరలు కితాబ్ పేజీల్లా వరసగా, మధ్యలో సందు లేకుండా ఉండాలి. గోరుతో జిగురు గీత మీద గీయండి. గోరు దిగితే ఆ కర్ర వద్దు. పక్కనుంచి కూడా చూడండి. జిగురు గీతలు కర్ర పొడుగునా పోవాలి. గీత మధ్యలో జారి పక్కకి వచ్చేస్తే, అతికించడం బాగున్నా చీల్చడం వంకరగా జరిగింది. ఆ మేరకి పొరల బలం తగ్గుతుంది.

రెండోది, తిన్నదనం. బల్ల మీద పెట్టి దొర్లిస్తే తడబడకుండా దొర్లాలి. కంటి దగ్గర పెట్టి తిప్పుతూ చూస్తే వంపు తెలుస్తుంది.

మూడోది, స్పైన్. అంటే కర్ర ఎంత బిగుతు అని. విల్లుకి తగ్గ స్పైన్ లేకపోతే ఎంత మంచి కర్రయినా బాణం పక్కకి పోతుంది. దీన్ని కొలవడానికి పెద్ద మిషన్ అక్కర్లేదు. చెక్క మీద 26 అంగుళాల దూరంలో రెండు మేకులు కొట్టండి. వాటి మీద కర్ర పెట్టి, సరిగ్గా మధ్యలో 907 గ్రాముల బరువు వేలాడదీయండి. అది రెండు పౌండ్లకి సమానం. మధ్యలో కర్ర ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో స్కేలుతో చూడండి. 660ని ఆ అంకెతో భాగిస్తే స్పైన్ పౌండ్లలో వస్తుంది. 22 మిల్లీమీటర్లు దిగితే 30. 16.5 దిగితే 40. సుమారు 13 దిగితే 50. ఈ లెక్క 28 అంగుళాల బాణానికి. బాణం అంతకంటే ఒక అంగుళం పొడుగైతే దాదాపు 5 పౌండ్లు ఎక్కువ బిగుతు కావాలి, పొట్టి అయితే అంత తక్కువ. ఇది మోటు లెక్కే, కానీ మొదలుపెట్టడానికి చాలు. ఒంటి కర్రని తిప్పి ఇంకో వైపు నుంచి కొలిస్తే అంకె మారుతుంది. ల్యామినేటెడ్‌లో కూడా ఫర్క్ వస్తుంది. అందుకని ఏ వైపు విల్లుకి తగులుతుందో ఆ వైపే కొలవాలి.

నాలుగోది, బరువు. దీనికి సునార్ దుకాణంలో ఉండే చిన్న కాటా లాంటిది చాలు. బాణాల బరువు గ్రెయిన్లలో చెప్తారు. ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. ఒక కట్టలో బాణాలకీ బాణాలకీ మధ్య 10 గ్రెయిన్లకి మించి ఫర్క్ లేకుండా చూసుకోండి. అది గ్రాములో మూడింట రెండు వంతులు. మొత్తం బాణం బరువు విల్లు లాగుడులో ప్రతి పౌండుకీ 8 నుంచి 10 గ్రెయిన్లు ఉంటే విల్లుకి హాయి. 30 పౌండ్ల విల్లుకి 240 నుంచి 300 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర నుంచి పంతొమ్మిదిన్నర గ్రాములు. మరీ తేలిక బాణం వేస్తే ఆ జోరు బాణంలోకి పోక విల్లులోనే ఉండిపోయి విల్లునే పాడుచేస్తుంది.

చిన్న పిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది. 15, 20 పౌండ్ల విల్లుకి తగ్గంత మెత్తటి ల్యామినేటెడ్ కర్ర దొరకడం కష్టం. అప్పుడు సన్నటి కర్ర, అంటే 5/16 అంగుళం, దాదాపు 8 మిల్లీమీటర్లది తీసుకోండి. పొడుగు తగ్గించకండి. పొడుగు బాణం మెత్తగా ప్రవర్తిస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. పిల్లాడు ఎంత లాగినా బాణం కొస విల్లు దాటి వెనక్కి రాదు. కొస వెనక్కి వచ్చి చేతి మీద పడితే, అప్పుడు వదిలిన బాణం చేతిలోకే పోతుంది. పిల్లల బాణం వాళ్ల లాగుడు కంటే కనీసం రెండు అంగుళాలు పొడుగు ఉండాలి. పిల్లలు పెరుగుతారు, లాగుడూ పెరుగుతుంది. ఈద్‌కి కుట్టించిన షేర్వానీలాగే బాణం కూడా ఏటా కొలిచి చూసుకోవాలి.

కర్ర ఇంటికొచ్చాక చేసే పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది సూఫార్ దిశ. సూఫార్ అంటే చిల్లా కూర్చునే వెనక గాటు. చివర పొరలు కితాబ్ పేజీల్లా కనిపిస్తాయన్నాను కదా, గాటు ఆ పేజీలకి అడ్డంగా పడాలి. రెండు పేజీల మధ్య పడకూడదు. మధ్య పడితే ప్రతి వేటుకీ చిల్లా గొడ్డలిలా పొరలని విడదీస్తుంది. కొన్ని కర్రలు నాలుగు ముక్కలు కలిపి చేస్తారు, చివర ప్లస్ గుర్తులా కనిపిస్తుంది. అప్పుడు గాటు ఏ గీత మీదా పడకుండా మధ్యగా తియ్యాలి. కర్రలోనే గాటు కోస్తే దాని కింద సిల్కు దారం గట్టిగా చుట్టి జిగురు రాయండి. ఒంటి కర్రకీ ఇదే ఖాయిదా. దానికి ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పైవైపు కనిపించే నార మొనలు ముందుకి, నిషానా వైపు చూడాలి. అప్పుడు ఖుదా న ఖాస్తా కర్ర చీలినా వెనక ముక్క పైకి లేస్తుంది, కింద ఉన్న చేతిలోకి దిగదు.

ముందు కొసని పైకాన్ కోసం 5 డిగ్రీల ఏటవాలుగా, ప్లాస్టిక్ సూఫార్ పెడితే వెనక కొసని 11 డిగ్రీల ఏటవాలుగా చెక్కుతారు. పెన్సిల్ చెక్కే మరలాంటిది దొరుకుతుంది. పదును తగ్గిన బ్లేడుతో చెక్కితే పొరల అంచులు లేస్తాయి. అందుకని బ్లేడు కొత్తది పెట్టి, కర్రని నెమ్మదిగా తిప్పండి. పర్, అంటే ఈకలు, మూడూ ఒకే రెక్క వైపువి కావాలి. ఒకటి కుడి రెక్కది, రెండు ఎడమ రెక్కవి పెడితే బాణం తిరగడంలో గొడవపడుతుంది.

చివరగా వార్నిష్. ఒక పూత వేసి ఆరనిచ్చి, సన్న గరుకు కాగితంతో రుద్ది, ఇంకో రెండు పూతలు. కొసలూ గాటూ మరవకండి. తేమ దూరేది అక్కడినుంచే. ఒంటి కర్ర వంగితే వేడి చూపించి, చేత్తో నొక్కి తిన్న చేయొచ్చు. ల్యామినేటెడ్ కర్రకి మంట దగ్గర పెట్టకండి. జిగురు వదిలేస్తే చేసిన మెహనత్ అంతా పోతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేయడం కూడా మంచిది కాదు.

ఇంత చెప్పాక, ఒంటి కర్ర వాళ్ల మాట కూడా వినాలి. ఇన్సాఫ్ అదే. మా మొహల్లాలో ఒక బుజుర్గ్ వడ్రంగి ఉన్నారు, నేను చాచా అంటాను. ఆయన ల్యామినేటెడ్ కర్రని చేతిలో పట్టుకుని, "బేటా, కట్టెని నేను చదవగలను. జిగురుని ఎలా చదవాలి?" అన్నారు. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజమే, ఒంటి కర్రలో ఐబ్ కంటికి కనిపిస్తుంది. అతుకులో ఐబ్ లోపల ఉండొచ్చు. జిగురు ఏది వాడారు, సరిగా బిగించారా, ఎంతసేపు ఆరనిచ్చారు, ఇవన్నీ చేసినవాడి నిజాయితీ మీద భరోసా. ఇంకా, బర్చ్ లాంటి గట్టి చెక్కతో చేసిన ల్యామినేటెడ్ కర్ర సెడార్ కంటే బరువు. దూరం పోదు. చేతిలో ఆ తేలిక, ఆ ఖుష్బూ ఉండవు. కీమత్ కూడా మామూలు కర్రకంటే ఎక్కువే పడుతుంది.

అందుకే నేను పెద్దలకి వేరే మాట చెప్తాను. కట్టెని చదవడం నేర్చుకున్నవాళ్లు, తమ బాణం తామే చేసుకుని తామే వేసేవాళ్లు, తిన్నటి నార ఉన్న ఒంటి కర్ర వాడుకోండి. దాని మజా దానిదే. కానీ పది మంది పిల్లలు ఒకే బుట్టలోంచి బాణాలు తీసే చోట, ఏ బాణం ఎవరి చేతికి పోతుందో తెలియని చోట, ఒక్క చీలిక దారి దొరక్కుండా ఆగిపోయే కర్ర కావాలి. అక్కడ మజా కంటే హిఫాజత్ ముందు.

ఇంకో వర్గం ఉంది. ల్యామినేటెడ్ కొన్నాం కాబట్టి ఇంక ఫికర్ లేదు అనుకునేవాళ్లు. వీళ్లంటే నాకు ఎక్కువ భయం. అతుకు కర్ర చీలడం కష్టం చేస్తుంది, నాముమ్కిన్ చెయ్యదు. రాయికి తగిలిన బాణం, ఇంకో బాణం వెనక గుద్దిన బాణం, వానలో రాత్రంతా పడి ఉన్న బాణం, ఏదైనా సరే చూడకుండా మళ్లీ చిల్లాకి పెట్టకూడదు. చూడటం ఎంతసేపు? కర్రని రెండు చేతులతో పట్టి, మొహానికి దూరంగా, కొద్దిగా వంచి, తిప్పుతూ నాలుగు వైపులా వంచండి. చిటపట వినిపిస్తే అది ఇంక బాణం కాదు, రెండు ముక్కలు చేసి పొయ్యిలో పడేయండి. అతికించి మళ్లీ పిల్లలకి ఇవ్వకండి. తర్వాత ఒక దూది ఉండ తీసుకుని కర్ర పొడుగునా రాయండి. కంటికి కనపడని పేడు దగ్గర దూది పోగు చిక్కుకుంటుంది.

దూది అన్నాక ఒక మాట గుర్తొస్తోంది. మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో తాతల చేతిలో ఉన్నది కూడా విల్లే. బాణం లేని విల్లు. నారి మోగిస్తే దూది మబ్బులా లేచేది. ఆ నారి ఎంత బిగించాలో, కర్ర ఎంత వంగాలో వాళ్లకి చేతితోనే తెలుసు. గుజరాత్, రాజస్థాన్ వైపు తీర్‌గర్ అనే బిరాదరీ ఉంది, పేరే బాణాలు చేసేవాళ్లని. కచ్‌లో కమాన్‌గర్‌లు విల్లులు చేసిన వంశాలవాళ్లు. విల్లులకి గిరాకీ పోయాక కుంచె పట్టుకుని గోడల మీద బొమ్మలు వేశారు, ఆ కళకి ఇవాళ్టికీ కమాన్‌గరీ అనే పేరు. పని మారినా పేరు మిగిలింది. కట్టె వంపుని అర్థం చేసుకోవడం ఎక్కడో టర్కీ నుంచి మనం అరువు తెచ్చుకునే ఇల్మ్ కాదని చెప్పడానికే ఇది రాశాను. మన ఇళ్లలోనూ ఆ చేతులు ఉన్నాయి.

మన దీన్‌లో తీరందాజీకి ఉన్న మర్తబా మీకు చెప్పక్కర్లేదు. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) పేరు తెలియని ఇల్లు లేదు. కానీ మనం ఎప్పుడూ వేసినవాడి గురించే చెప్పుకుంటాం. ఒక్క బాణం వల్ల ముగ్గురికి సవాబ్ దక్కుతుందనే హదీస్ రివాయత్ ఉంది. అందులో వేసినవాడితో పాటు దాన్ని అందించినవాడూ ఉన్నాడు, మంచి నీయత్‌తో దాన్ని తయారు చేసినవాడూ ఉన్నాడు. చేసినవాడికి అంత ఇజ్జత్ ఎందుకు దక్కిందో బాణాలు చేయడం మొదలుపెట్టాక నాకు కొంచెం అర్థమైంది. వేసేవాడు చూడలేని చోట ఉండేది అతని నిజాయితీయే. లోపలి నార, లోపలి జిగురు, ఆరడానికి ఇచ్చిన సమయం.

ఆ ముగ్గురిలో అందించేవాడు కూడా ఉన్నాడని మరవకండి. మన ఇళ్లలో అది అబ్బా, అమ్మీ, మామూ, ఖాలా. దుకాణంలో డబ్బు కట్టేది మీరే, పిల్లాడి చేతికి ఇచ్చేది మీరే. ఈసారి బాణాలు కొనేటప్పుడు "అసలీ కట్టేనా" అన్నదొక్కటే అడగకండి. నార ఎటు పోతోంది, గీత ఎక్కడ తెగింది, గాటు ఎటు పడింది, స్పైన్ ఎంత, తేమ దూరకుండా ఏం పూశారు అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి. కొన్నాక, వారానికి ఒకసారి పిల్లాడినే పక్కన కూర్చోబెట్టుకుని, దూది ఉండ వాడి చేతికిచ్చి, ఒక్కో బాణం వాడితోనే చూపించుకోండి.

ఖుదా హాఫిజ్.